బాలారోగ్యము: నీరు, అన్నము, మాట

బిడ్డ బడికి వచ్చునప్పుడు పుస్తకముల సంచితో పాటు తన శరీరమును కూడ వెంట తెచ్చుకొనును. ఆ శరీరము రాత్రి ఎంతసేపు నిద్రించినదో, ఉదయమున ఏమి భుజించినదో, ఏ నీరు త్రాగినదో మొదటి గంట ముగియకముందే ఉపాధ్యాయునకు తెలిసిపోవును. ఆకొన్న బిడ్డకు ఎక్కములు ఎక్కవు. కడుపులో పురుగులున్న బిడ్డ కిటికీవైపు చూచుచు కూర్చుండును. అట్టి బిడ్డను మందమతియనుట తేలిక. కారణము వెదకుట కష్టము. ఆ కారణము చాలవరకు ఇంటికిని బడికిని నడుమ ఎక్కడనో దాగియుండును. కావున బాలారోగ్యమును గూర్చి ఉపాధ్యాయులకంటె ముందుగ తల్లిదండ్రులతో మాటలాడుట యుక్తమని మేము తలచితిమి.

రాయచూరు జిల్లాలో మాన్వి నుండి సింధనూరునకు పోవు దారిలోని పోతనాళయు, దాని పరిసరముననున్న పల్లెలును క్యాంపులును తుంగభద్ర ఎడమగట్టు కాలువ సీమకు చెందినవి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట కోస్తా జిల్లాల నుండి తెలుగు రైతులు ఈ సీమకు వచ్చి, నల్లరేగడి భూములను వరిమళ్ళుగ మార్చి, క్యాంపులు కట్టుకొని స్థిరపడిరి. నాడు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. ఈ విధముగ మన బిడ్డలు ఇంట తెలుగును, అంగడిలోను ఆసుపత్రిలోను కన్నడమును వినుచు పెరుగుచున్నారు. ఈ నేల, ఈ నీరు, ఈ రెండు భాషలు వారి ఆరోగ్యముతో ముడిపడియున్నవి. అందుచే నీరు, అన్నము, మాట అను మూడు విషయములను వరుసగ పరిశీలింతము.

1. నీరు

ఈ సీమలో మనము త్రాగు నీరు రెండు విధములు. ఒకటి భూమి లోపలినుండి వచ్చు బోరు నీరు. రెండవది కాలువనుండి చెరువునకు నింపి మనకిచ్చు నీరు. ఈ రెండింటిలోను ప్రమాదమున్నది గాని, ఆ ప్రమాదము ఒకటి కాదు. ఒకదానికి పనికివచ్చు ఉపాయము రెండవదానికి పనికిరాదు. ఈ భేదము తెలియకపోవుటచేతనే చాల ఇండ్లలో శ్రమపడియు ఫలము పొందలేకున్నారు.

రాయచూరు జిల్లాలో పెక్కుచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరి యున్నది. మన దేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీటిని పసితనమునుండి త్రాగిన బిడ్డల పండ్లపై సున్నపు మచ్చలు, పిదప పసుపు, గోధుమవన్నె చారలు ఏర్పడును. దీర్ఘకాలము త్రాగినచో ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును.

ఈ వ్యాధి తెలుగువారికి క్రొత్తది కాదు. మన దేశమున దీనిని మొదట వైద్యశాస్త్రమునకు ఎక్కించినది తెలుగునాటి గ్రామములను చూచియే. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వర్ణించిరి. ఆ ప్రాంతము పిదప చాలవరకు ప్రకాశము జిల్లాలో చేరినది. తరువాత నల్లగొండ జిల్లా ఈ బాధకు మారుపేరైనది. అచ్చటి బిడ్డలలో మోకాళ్ళు లోనికి వంగిపోవుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకమునకు తెలిపిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగు పాళ్ళలో కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించు విధానమును నాగపురములోని జాతీయ పర్యావరణ సంస్థవారు రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఇది కొలత తెలిసినవారు చేయవలసిన పని. ఇంట కుండలో అంచనాగ పటిక వేయుట ఆ విధానము కాదు.

తల్లులు ముఖ్యముగ గుర్తింపవలసిన దేమనగా, కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు ఇంకను హెచ్చును. బట్టతో వడగట్టినను, క్యాండిలు ఫిల్టరులో పోసినను అది పోదు. ఆర్.ఓ. యంత్రము దానిని తొలగింపగలదు. పల్లెలలో "శుద్ధ కుడియువ నీరిన ఘటక" అని కన్నడమున వ్రాసియుండు కేంద్రములు చాలవరకు ఇట్టివే. అయితే అందలి పొర పాడైన పిదప మార్చకున్నచో ఆ యంత్రము పేరునకు మాత్రమే మిగులును. కావున యంత్రమున్నదని తృప్తిపడక, దానినుండి వచ్చు నీటిని కూడ పరీక్ష చేయించుట మంచిది. 2019లో ప్రారంభమైన జలజీవన మిషను క్రింద గ్రామములలో స్త్రీలకు నీటిపరీక్ష నేర్పి, పరీక్షపెట్టెలు ఇచ్చుచున్నారు. పంచాయతీని అడిగి మన బోరు నీటిని పరీక్షింపచేయుట మన హక్కు.

ఇక కాలువ నీరు. ఇందులో ఫ్లోరైడు బాధ సామాన్యముగ తక్కువ. కాని పశువులు, మనుష్యులు, పొలముల మురుగు అన్నియు దానిని తాకుచున్నవి. సన్నిపాతము, కామెర్లు, విరేచనములు ఆ దారినే వచ్చును. ఈ నీటిని బాగుగ మరిగిన పిదప ఒక నిమిషము అట్లే ఉంచి, మూతపెట్టి చల్లార్చి త్రాగవలెను. ముంచుటకు పిడిగల గరిటె నుంచి, చేతులు ముంచకుండ చూడవలెను. సూత్రము సులభము: కాలువ నీటిని కాచవలెను, బోరు నీటిని పరీక్షింపవలెను.

బిడ్డకు విరేచనములైనప్పుడు నీరు మాన్పించు ఆచారము కొన్ని ఇండ్లలో ఇంకను కలదు. అది ప్రాణాపాయము. ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి మాటిమాటికి త్రాగింపవలెను. పొట్లము లేనిచో ఒక లీటరు నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపిన చాలును. చెంచా యనగా చిన్న టీ చెంచా. ఉప్పు హెచ్చరాదు.

మరియొక మాట. వేసవిలో ఎండ నలువది డిగ్రీలు దాటు ఈ సీమలో కొందరు ఆడుబిడ్డలు బడిలో నీరు త్రాగుట మానుదురు. మరుగుదొడ్డి శుభ్రముగ లేదనియు, అడుగుటకు సిగ్గనియు వారు చెప్పుకొనరు. తలనొప్పి, మూత్రమున మంట దాని ఫలములు. సీసాలో పంపిన నీరు సాయంకాలము అట్లే తిరిగివచ్చినచో తల్లి కోపింపక, కారణము మెల్లగ అడుగవలెను. తెలిసిన కారణమును బడికి తెలుపవలెను. దొడ్డి శుభ్రము బడి పని. ఆ విషయము బడికి తెలియజేయుట ఇంటి పని.

2. అన్నము

బడిలో అన్నము పెట్టుట దాతృత్వము కాదనియు, విద్యలో భాగమనియు మొదట గుర్తించినవారిలో తెలుగువాడొకడు కలడు. 1920లో మద్రాసు నగర కార్పొరేషను అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలమున, థౌజండు లైట్సు ప్రాంతములోని కార్పొరేషను బడి బిడ్డలకు మధ్యాహ్న భోజనము పెట్టుటకు తీర్మానమైనది. బిడ్డలు బడి మానకుండుటకు ఆ అన్నమే కారణమైనది.

కర్ణాటకమున 2002 జూనులో అక్షర దాసోహ పథకము ఆరంభమైనప్పుడు మొదట ఎన్నుకొనబడిన ఏడు జిల్లాలలో రాయచూరు ఒకటి. అంతకు కొన్ని నెలల ముందు, 2001 నవంబరు 28న, వండిన భోజనమునే పెట్టవలెనని సుప్రీముకోర్టు ఆదేశించినది. 2013 ఆగస్టులో క్షీరభాగ్య పథకమున బిడ్డకు 150 మిల్లీలీటర్ల పాలు ఇచ్చుట మొదలైనది. 2021 డిసెంబరులో, రక్తహీనతయు పోషణలోపమును హెచ్చుగనున్న జిల్లాలలో గ్రుడ్డు పెట్టుట ప్రారంభించినప్పుడు కూడ రాయచూరు వాటిలోనే యున్నది. గ్రుడ్డు తినని బిడ్డకు అరటిపండు ఇచ్చిరి. ప్రతి పథకమునకును మొదటి వరుసలో మన జిల్లా పేరుండుట గౌరవమునకు గుర్తు కాదు. మన బిడ్డల లేమికి గుర్తు.

లేమి యన్నది బీదయింట మాత్రమే యుండునని తలపరాదు. వరి పండించు మన ఇండ్లలో మూడుపూటల తెల్లన్నమే ఐనచో, కడుపు నిండును గాని రక్తము నిండదు. 100 గ్రాముల తెల్లబియ్యమున ఇనుము ఒక మిల్లీగ్రాముకంటె తక్కువ. జొన్నలో దాదాపు 4 మిల్లీగ్రాములు, సజ్జలో 6కు పైగ నుండును. రాగులలో ఎముకలకు వలసిన కాల్షియము 350 మిల్లీగ్రాములకు పైగ కలదు. మనము రాకముందు ఈ నేలలో తరతరములుగ పండినవి జొన్న, సజ్జలే. మన ఇరుగుపొరుగు కన్నడ ఇండ్లలో సజ్జరొట్టె, వేరుసెనగ పొడి, ఆకుకూర కలిసిన భోజనము మన బిడ్డకు కూడ తగినదే. వారు "పుండి పల్య" యనునది మన గోంగూరయే. పేరు వేరైనను ఆకు ఒకటే. ధాన్యములను దినము మార్చి దినము వాడుచు, వాటితో పాలో పెరుగో చేర్చిన యెడల ఎముకలకును రక్తమునకును మేలు.

ఇనుము తిన్నంత మాత్రమున ఒంటబట్టదు. భోజనముతో పాటు టీ త్రాగినచో ఆ ఇనుము వృథా యగును. ఉసిరి, జామ, నిమ్మ ఏదైనను కొంచెము తిన్నచో ఇనుము బాగుగ ఒంటబట్టును. ఉదయము బిడ్డకు టీలో రెండు బిస్కత్తులు ముంచి ఇచ్చి పంపు అలవాటును మాన్పింపవలెనని మా విన్నపము. వేకువనే పొలమునకు పోవు తల్లికి వంటకు వ్యవధి లేదన్నది నిజమే. రాత్రి మిగిలిన అన్నమున పెరుగు కలిపి, మూతపెట్టి ఉంచి, ఉదయము ఒక ఉల్లిపాయతో పెట్టినను అది టీ బిస్కత్తుకంటె ఎన్నో రెట్లు మేలు.

బడిలో వారమునకొకసారి ఇచ్చు ఇనుప మాత్రలను గూర్చి కొందరు భయపడుచున్నారు. అయిదు నుండి తొమ్మిదేండ్ల బిడ్డలకు గులాబివన్నె మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. పదేండ్లు దాటినవారికి నీలివన్నె మాత్ర. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940వ దశకమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. మన బిడ్డ మ్రింగు చిన్న మాత్రలో ఒక తెలుగువాని జీవితకాలపు కృషి కలదని తెలిసిన తల్లి దానిని పారవేయదు. మాత్రను భోజనము తరువాతనే వేయవలెను. మలము నల్లబడినచో భయపడనక్కరలేదు. అట్లే 2015 నుండి ఏటేట ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో జరుగు నులిపురుగుల నివారణ దినమున ఇచ్చు ఆల్బెండజోలు మాత్రను బిడ్డ నమలి మ్రింగవలెను. ఆ దినమున బిడ్డను ఇంట ఆపరాదు. బిడ్డ జ్వరముతో ఉన్నను, వేరు మందు వాడుచున్నను ముందుగ చెప్పవలెను.

3. మాట

నీరు, అన్నము అన్ని బడుల బిడ్డలకును సంబంధించినవి. మూడవది మన బడి బిడ్డలకు ప్రత్యేకమైనది. నొప్పి కలిగిన బిడ్డ దానిని చెప్పగలుగవలెను. చెప్పినది ఎదుటివారికి తెలియవలెను.

మొదటి తరగతి బిడ్డకు నొప్పి మాతృభాషలోనే కలుగును. కడుపులో తిప్పుట, కళ్ళు తిరుగుట, ఒళ్ళు జలదరించుట అను సూక్ష్మభేదములను ఆ వయసున మరియొక భాషలో చెప్పుట సాధ్యము కాదు. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుటలో ఈ ప్రయోజనము కూడ ఇమిడియున్నదని మా నమ్మిక. తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు బిడ్డకు మొదటి వైద్యుని వంటివాడు.

కాని బిడ్డ ఎల్లప్పుడు ఉపాధ్యాయుని చెంతనే ఉండడు. దారిలో పాము కరచినప్పుడు ప్రక్కనున్నవారు కన్నడిగులు కావచ్చును. ఆరోగ్యకేంద్రమున నర్సమ్మకు తెలుగు రాకపోవచ్చును. కావున దేహమునకు, వ్యాధికి సంబంధించిన మాటలను బిడ్డకు రెండు భాషలలోను నేర్పవలెను. ఇది భారము కాదు. రెండు భాషలు అక్కచెల్లెండ్రు. తెలుగున పకారముతో మొదలగు అనేక దేశ్యపదములు కన్నడమున హకారముతో మొదలగును. పాలు హాలు, పులి హులి యగుట బిడ్డలకు ఆడుకొనుచుండగనే తెలిసియుండును. ఆ సూత్రముతోనే ఈ మాటలను నేర్పవచ్చును:

పొట్ట – హొట్టె
పన్ను – హల్లు
పుండు – హుణ్ణు
పురుగు – హుళు
పేను – హేను
పాము – హావు

అట్లే మన చకారము కొన్నిట కకారమగును: చెవి – కివి, చేయి – కై. దగ్గు మాత్రము కెమ్ము, దురద తురికె. జ్వరము, వాంతి రెండిటను ఒకటే. ఇక హల్లు అనగా మనకు అక్షరము, వారికి పన్ను. ఇట్టి తమాషాలు చెప్పినచో బిడ్డ నవ్వుచు నేర్చుకొనును, మరువడు. "హొట్టె నోవు", "తలె సుత్తుత్తిదె", "నీరు బేకు", "హావు కచ్చితు" అను నాలుగు వాక్యములు రెండవ తరగతి లోపుననే నోట నిలువవలెను.

మాట ఆలస్యమైనచో ప్రాణము పోవు సందర్భములు మన సీమలో రెండు కలవు. మొదటిది పాముకాటు. బిడ్డను కదలనీయక, కాటు తగిలిన అవయవమును ఊపక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి కొనిపోవలెను. కోయుట, పీల్చుట, బిగియకట్టుట, మంత్రమునకై కాలము గడుపుట కూడదు. విషమునకు విరుగుడు సూది ఆసుపత్రిలోనే కలదు.

రెండవది పురుగుమందు. వరి, ప్రత్తి పొలములలో మందు చల్లిన దినమున ఆ గట్టున నడచివచ్చిన బిడ్డకు చెమట, చొంగ, వాంతి, కంటిపాప చిన్నదగుట కనిపించినచో క్షణము ఆలస్యము చేయరాదు. బట్టలు విడిపించి, సబ్బునీటితో ఒళ్ళు కడిగి, మందు సీసానో దాని చీటినో వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను. మనము "మందు" అని రెండింటికిని వాడుదుము. "మందు తాగినాడు" అన్న మాట విని ఏ జ్వరపు మందో యని వైద్యుడు పొరపడవచ్చును. కావున బిడ్డకు "పురుగుమందు" అను పూర్తి మాటను, కన్నడమున "కీటనాశక" అను మాటను నేర్పవలెను. ఖాళీ డబ్బాలను నీటికిగాని పాలకుగాని ఎన్నడును వాడరాదు.

దేహపు నొప్పి వలెనే మనస్సు నొప్పికి కూడ మాట కావలెను. ఫ్లోరైడు మచ్చలుగల పండ్లను చూచి తోటివారు నవ్వినందున నోరు మూసికొని నవ్వు బిడ్డలు కలరు. ఆ మచ్చ తోముకొననందున వచ్చినది కాదు, తోమినను పోదు. పన్ను చిగురులో తయారగుచుండగ త్రాగిన నీటి ఫలమది. దానికై బిడ్డను మందలించుట అన్యాయము. కన్నడపు యాస వినిపించినదని ఇంటను, తెలుగు యాస వినిపించినదని బయటను హాస్యమునకు గురియగు బిడ్డ క్రమముగ మాటయే మానును. మాట మానిన బిడ్డ నొప్పిని కూడ చెప్పదు. 2009 విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము బిడ్డను కొట్టుటనే గాక, మానసికముగ వేధించుటను కూడ నిషేధించుచున్నది. ఇంట మనము ఆ చట్టమును గుర్తు చేసికొనిన మంచిది. ఆపదలోనున్న బిడ్డకు 1098 అను ఫోను సంఖ్య కలదు. ఆ సంఖ్యను బిడ్డచేత కంఠస్థము చేయింపవలెను.

ఇంట పాటింపదగిన నియమములు

1. ఇంటి త్రాగునీరు ఏ మూలమునుండి వచ్చుచున్నదో తెలిసికొనుడు. బోరు నీరైనచో ఫ్లోరైడు పరీక్ష చేయించుడు. కాలువ నీరైనచో కాచుడు.

2. ఉదయము ఏమియు తినకుండ బిడ్డను బడికి పంపకుడు. భోజనముతో టీ ఇయ్యకుడు.

3. ఆరేండ్ల నుండి పన్నెండేండ్ల వరకు బిడ్డకు రాత్రి తొమ్మిది గంటల నిద్రయైన కావలెను. ఫోనును బిడ్డ పడకకు దూరముగ నుంచుడు.

4. అయిదారేండ్ల వయసున ఇయ్యవలసిన కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతముల టీకా వేయించితిరో లేదో తల్లికార్డు చూచుకొనుడు.

5. బిడ్డ బోర్డు కనబడలేదన్నను, పుస్తకమును ముఖమునకు దగ్గరగ పెట్టుకొన్నను కంటి పరీక్ష చేయించుడు. బడికి వైద్యబృందము వచ్చు దినమున బిడ్డను తప్పక పంపుడు.

6. బిడ్డకు పడని వస్తువు, పాతవ్యాధి, మూర్ఛ, ఉబ్బసము ఏదియున్నను కాగితముమీద వ్రాసి బడికి ఇండు. వ్రాయుట రానివారు వచ్చి చెప్పుడు. మేము వ్రాసికొందుము.

7. ప్రతి సాయంకాలము "ఏమి చదివితివి?" అని అడుగుటకు ముందు "ఒళ్ళు ఎట్లున్నది?" అని అడుగుడు.

ఈ ఏడింటిలో డబ్బుతో కూడినవి తక్కువ, శ్రద్ధతో కూడినవి ఎక్కువ. పంట మడిలో ఆకు పసుపుబారినచో రైతు మరునాటికి ఆగడు. వేరునో నీటినో పురుగునో ఆ పూటనే పరీక్షించును. ఆ చూపునే మనము బిడ్డల మీదికి కూడ మరల్చవలెను. బడి తన వంతు చేయుటకు సిద్ధముగనున్నది. తల్లిదండ్రులు ఈ మాటలను చదివి, చదువరాని ఇరుగుపొరుగువారికి చదివి వినిపింతురు గాక.